చెరుకు పిప్పి, బొగ్గు, కరెంటు: సేఫ్టీ కొలువు ఎట్ల పుట్టింది, మనకెందుకు కావాలె



మొన్న గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, డిప్లొమా మెకానికల్ అయిపోయింది. నిజామాబాద్‌ల ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సేఫ్టీ ఆఫీసర్ కోర్సు అంటున్నరు. మూడు నెలలు, అరవై వేలు. కట్టాల్నా, వద్దా?" కింద జవాబులు మస్తుగ వచ్చినయి. సగం మంది వేస్ట్ అన్నరు, సగం మంది గల్ఫ్‌ల మంచి జీతం ఉంటది అన్నరు. అసలు ఈ కొలువు ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది అన్నది మాత్రం ఎవరూ రాయలే. నేను పన్నెండేళ్ళుగా ఈ లైన్లనే ఉన్న. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్న. టైం ఉన్నప్పుడు చదువుండ్రి.

ముందు మన జిల్లా నుంచే మొదలుపెడుత.

మంజీర మీద నిజాంసాగర్ కట్టుడు 1923ల మొదలై 1931ల పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్ళు వచ్చినంక బోధన్, వర్ని, రుద్రూరు దిక్కు నేలంతా వరి, చెరుకు అయింది. ఆ చెరుకును నమ్ముకొనే 1937ల బోధన్ పక్కన శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దానికి పేరు. మన తాతలు కొందరు అక్కడ చెరుకు కొట్టిండ్రు, కొందరు బండ్లు తోలిండ్రు, ఇంకొందరు సీజన్ల లోపల కూలి చేసిండ్రు. దాన్ని అందరూ చక్కెర ఫ్యాక్టరీ అనే చూస్తరు. నేను మాత్రం దాన్ని ముందుగాల ఒక కరెంటు ప్లాంటు అంట. ఎట్లనంటే, గానుగలల్ల రసం పిండినంక మిగిలే పిప్పి బయట పారేసేది కాదు. అదే బాయిలర్‌కు తిండి. పిప్పి మండుతది, నీళ్ళు ఆవిరైతయి, ఆ ఆవిరి టర్బైన్ తిప్పుతది. గానుగ తిరిగేది ఆ శక్తితోనే, రసం మరిగేది మిగిలిన ఆవిరితోనే. ఇప్పుడు కో-జనరేషన్ అని పెద్ద పేరు పెట్టి, మిగిలిన కరెంటు గ్రిడ్‌కు అమ్ముతున్నరు గాని, చెరుకు మిల్లు సొంత పొయ్యి మీద సొంత కరెంటు వండుకునుడు పాత ముచ్చటే. మొలాసిస్ నుంచి స్పిరిట్ తీసే డిస్టిలరీ కూడా దాని పక్కనే ఉంటది. ఇయ్యాల పెట్రోల్ల కలిపే ఇథనాల్ దాని తమ్ముడే.

అంటే బోధన్ పిలగాడు ఎనర్జీ ఇండస్ట్రీ అనంగనే రామగుండం దిక్కు, రిలయన్స్ దిక్కు చూడాల్సిన పని లేదు. ఆ ఇండస్ట్రీ మన చెరుకు బండి ఆగిన కాడనే ఉండే.

మా తాత ఒక మిల్లుల సీజన్ కూలి. ఏ మిల్లో ఇక్కడ వద్దు. ఆయన ఎడమ చెయ్యి మోచేతి నుంచి కిందికి తోలంతా ముడుచుకపోయి ఉండేది. చిన్నప్పుడు అడిగితే "ఆవిరి ముద్దు పెట్టుకుంది" అని నవ్వేటోడు. ఈ లైన్లకొచ్చినంక గాని నాకు తెల్వలే, అది పైపు ఫ్లాంజ్ లీకై వచ్చిన ఆవిరి అయి ఉంటదని. ఒత్తిడితో ఉన్న పొడి ఆవిరి కంటికి కనబడది. మనం తెల్లగ పొగలెక్క చూసేది అప్పటికే చల్లబడి నీటి తుంపర అయినది. అసలు కాల్చేది లీకైన రంధ్రానికి, ఆ తెల్లటి పొగకు నడుమ ఉన్న ఖాళీ జాగ. అందుకే పాత ఫైర్‌మన్లు లీకు వెతకాలంటే చెయ్యి పెట్టేటోళ్ళు కాదు, చీపురు కట్ట ముందట పట్టుకొని నడిచేటోళ్ళు. మా తాతకు ఆ చీపురు ముచ్చట ఎవ్వరూ చెప్పలే. ఆయన తెలుగు అంతంత మాత్రమే, ఫోర్‌మన్‌కు మన గోర్ బోలి రాదు.

ఇగ బాయిలర్ సంగతి. నీళ్ళు ఆవిరైతే దాదాపు 1600 రెట్లు ఉబ్బుతయి. గా ఉబ్బును ఇనుప డ్రమ్ముల బంధించి పని చేయించుకుంటున్నం. అది పగిలితే బాంబే. 1863ల కలకత్తాల ఒక బాయిలర్ పేలి మనుషులు చచ్చిపోయినంక, మరుసటి ఏడు 1864ల బెంగాల్ సర్కారు బాయిలర్ల తనిఖీ కోసం చట్టం చేసింది. మన దేశంల మెషిన్ల కాడ మనిషి పానం కోసం పుట్టిన తొలి చట్టాలల్ల అదొకటి. మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881ల గాని రాలే. అంటే ఫ్యాక్టరీ చట్టం కంటే పదిహేడేండ్లు ముందే బాయిలర్ చట్టం. ఒక్కో ప్రావిన్సుల ఒక్కో రూలు ఉండుడు గందరగోళమైతదని 1923ల దేశానికంతా ఇండియన్ బాయిలర్స్ యాక్ట్ తెచ్చిండ్రు. అది వందేండ్లు నడిచి, మొన్న 2025ల కొత్త బాయిలర్స్ యాక్ట్ వచ్చింది.

ఆ చట్టం రెండు రకాల మనుషుల్ని పుట్టించింది. ఒకరు, ఏడాదికోసారి వచ్చి బాయిలర్ చూసి సర్టిఫికెట్ ఇచ్చే సర్కారు ఇన్‌స్పెక్టర్. రెండోవాళ్ళు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్న బాయిలర్ అటెండెంట్. సర్టిఫికెట్ ఉన్నోడు కాడ లేకుండ బాయిలర్ నడపరాదు. నా లెక్కల మన జిల్లాల తొలి సేఫ్టీ కొలువు ఇదే. ఆయనకు సేఫ్టీ ఆఫీసర్ అని పేరు లేదు, హెల్మెట్ లేదు, ఆఫీసు లేదు. ఆయన చూపంతా గేజ్ గ్లాస్ మీద, అంటే డ్రమ్ముల నీళ్ళు ఎంత ఉన్నయో చూపించే గాజు గొట్టం మీద. నీళ్ళు కిందికి పోయి గ్లాస్‌ల కనబడకపోతే కొత్తోడు ఏం చేస్తడు? గాబరాల ఫీడ్ వాల్వ్ తిప్పి నీళ్ళు వదులుతడు. అదే చావు. ఎర్రగ కాలిన ట్యూబుల మీద నీళ్ళు పడితే ఒక్కపెట్టున ఆవిరై పగులుతది. తెలిసినోడు ముందుగాల మంట బంద్ చేస్తడు, నీళ్ళు ముట్టడు. చెప్తే అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం ఎవరో ఒకరు, అర్థమయ్యే మాటల, ముందే చెప్పి ఉండాలె.

పాత ముచ్చట అనుకోకుండ్రి. 2017 నవంబర్ 1న ఉత్తరప్రదేశ్‌ల ఉంచాహార్ థర్మల్ ప్లాంటుల 500 మెగావాట్ల కొత్త యూనిట్ బాయిలర్ కాడ ప్రమాదమై 40 మందికి పైగా చచ్చిపోయిండ్రు. ఫర్నేస్ అడుగున బూడిద గడ్డకట్టి పేరుకపోయింది. యూనిట్ ఆపకుండనే దాన్ని తీసే పని నడుస్తుండంగ వేడి వాయువులు, ఆవిరి బయటకు దూకినయి. అక్కడ ఎక్కువమంది కాంట్రాక్టు కూలీలే.

పిప్పి కూడా అమాయకంగ కనబడుతది గాని అట్ల కాదు. తడి పిప్పి కుప్పల బూజు పడుతది. ఆ బూజు దుమ్ము ఏండ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే రోగం ఉంది, బగాసోసిస్ అంటరు. 1941ల అమెరికాల లూసియానా చెరుకు నేలల డాక్టర్లు దీని గురించి మొదట రాసిండ్రు. పిప్పి ఎత్తే కాడ దమ్ము వస్తుందంటే మనోళ్ళు బీడీ తాగుడు వల్ల అనుకుంటరు, లేకపోతే టీబీ మందులు వాడుతరు. డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు "నేను పిప్పి కాడ పని చేస్త" అని చెప్పుడు మరువద్దు. ఆ ఒక్క మాటతోని వైద్యమే మారొచ్చు.

ఇప్పుడు చట్టంల ఈ కొలువు ఎట్ల వచ్చిందో చూద్దాం. ఫ్యాక్టరీల చట్టం 1948ల పెద్దగ మారింది, కాని సేఫ్టీ ఆఫీసర్ అనే మాట అందుల లేకుండె. 1976ల సవరణతో 40-బి అనే సెక్షన్ చేర్చిండ్రు. వెయ్యి మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ఫ్యాక్టరీల సేఫ్టీ ఆఫీసర్ ఉండాల్సిందే అని. విచిత్రం ఏందంటే, తెలంగాణ లంబాడోళ్ళను ఎస్టీ జాబితాల చేర్చిన చట్టం కూడా గదే 1976ది. ఒకే ఏడు రెండు తలుపులు తెరిచిండ్రు. ఒక తలుపుల నుంచి మనం బడికి, కాలేజీకి పోయినం. రెండో తలుపు ఉన్నదని మనకు చాన ఏండ్లు ఎవరూ చెప్పలే.

ఆ తర్వాత 1984 డిసెంబర్ల భోపాల్. ఆ రాత్రి గురించి మళ్ళ రాయాల్సిన పని లేదు, అందరికీ తెలుసు. దాని తర్వాత 1987ల చట్టానికి కొత్త అధ్యాయం కలిపిండ్రు. ప్రమాదకరమైన పనులున్న ఫ్యాక్టరీలల్ల కార్మికులు, మేనేజ్‌మెంటు కలిసి సేఫ్టీ కమిటీ ఉండాలె. పానానికి ముప్పు ఉందనిపిస్తే కార్మికుడు నేరుగా చెప్పొచ్చు, అది ఆయన హక్కు. మన తాతలకు లేని హక్కు అది.

ఇక్కడ ఒక రూలు గురించి కొంచెం ఆగి చెప్త. దీన్ని చదివినప్పుడు నేను కుర్చీల నుంచి లేసిన. సేఫ్టీ ఆఫీసర్ అర్హతల కోసం రాష్ట్రాలు రాసుకున్న రూల్స్‌ల మామూలుగ ఇట్ల ఉంటది: ఇంజనీరింగ్ డిగ్రీ, ఫ్యాక్టరీల సూపర్‌వైజర్‌గ కనీసం రెండేండ్ల అనుభవం. లేదంటే ఇంజనీరింగ్ డిప్లొమా, ఐదేండ్ల అనుభవం. దాని మీద ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా. ఆఖరుకు ఇంకొక షరతు: ఆ ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతంల ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష తగినంత వచ్చి ఉండాలె.

చూసిండ్రా? మన భాష ఇంటర్వ్యూల దాచుకోవాల్సింది కాదు. అది ఒక అర్హత. నేను కొత్తగ చేరిన ప్లాంటుల పొద్దున పని మొదలుకాక ముందు పది నిమిషాలు టూల్‌బాక్స్ టాక్ ఉండేది. సీనియర్ సారు ఇంగ్లిష్, తెలుగు కలిపి "కన్ఫైన్డ్ స్పేస్‌ల ఎంట్రీ పర్మిట్ లేకుండా ఎంటర్ కావద్దు" అని చెప్తుండె. ముందట ఉన్న బూడిద ఎత్తే ఆడోళ్ళు పదిమంది తల ఊపిండ్రు. అందరూ తండాలోళ్ళే. అయిపోయినంక పక్కకు పోయి గోర్ బోలిల అడిగిన, ఏం చెప్పిండ్రు యాడీ అని. ఒకామె నవ్వి "ఏమో బేటా, టోపీ పెట్టుకొమ్మన్నరు" అన్నది. ఆ ప్లాంటు పేరు ఇక్కడ అవసరం లేదు. అట్లాంటివి మస్తున్నయి. మరుసటి దినం నుంచి ఆ పది నిమిషాలల్ల మూడు నిమిషాలు నాకిచ్చిండ్రు. గోండి, కోలామి, కోయ మాట్లాడే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా ఈ రూలు గుర్తుపెట్టుకోవాలె.

బొగ్గు కథ వేరే. సింగరేణి చరిత్ర కోయల నేల మీద మొదలైంది. 1871ల డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దిక్కు బొగ్గు కనిపెట్టిండు. 1886ల హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది, 1889 నుంచి బొగ్గు తీసుడు మొదలైంది. సింగరేణి కాలరీస్ అన్న పేరుతో కంపెనీ 1920ల అయింది. అడవి ఎవరిదో, లోపలికి దిగినోళ్ళు ఎవరో, లాభం ఎవరిదో అదొక పెద్ద ముచ్చట, ఇంకోసారి రాస్త. ఇక్కడ సేఫ్టీ వరకే.

గనులల్ల సేఫ్టీ కొలువులు ఫ్యాక్టరీల కంటే చాన ముందు పుట్టినయి. కారణం గ్యాస్. 1812ల ఇంగ్లండ్‌ల ఫెల్లింగ్ అనే గనిల మీథేన్ పేలి 92 మంది చచ్చిపోయిండ్రు, చిన్న పోరగాళ్ళు కూడా అందుల ఉన్నరు. ఆ గోస చూసినంక 1815ల హంఫ్రీ డేవీ జాలి కట్టిన దీపం చేసిండు. సన్న ఇనుప జాలి మంట వేడిని గుంజుకుంటది, అందుకే లోపలి మంట బయటి గ్యాస్‌ను అంటుకోదు. పైగా గ్యాస్ ఉంటే దీపం మంట మీద నీలం టోపీ లెక్క కనబడుతది. ఆ నీలం టోపీ చదువుడు ఒక విద్య. మన గనులల్ల ఆ విద్య వచ్చినాయనే మైనింగ్ సర్దార్. షిఫ్టు కంటే ముందు దిగి గ్యాస్ చూస్తడు, కర్రతో పై కప్పు కొట్టి చప్పుడు ఇంటడు. గణగణ అంటే కప్పు గట్టిగున్నట్టు, డొల్ల చప్పుడొస్తే ఊడేటట్టు ఉన్నట్టు. ఆయన పైన ఓవర్‌మన్, ఆ పైన మేనేజర్. వీళ్ళందరికీ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది ధన్‌బాద్‌ల ఉన్న డీజీఎంఎస్. అది 1902ల కలకత్తాల చిన్న తనిఖీ ఆఫీసుగ మొదలైంది. సర్దార్ చట్టం ప్రకారం ఉండే మనిషి. ఆయన "ఈ జాగల పని వద్దు" అని రాస్తే, పైనున్న ఇంజనీర్ దాన్ని ఊకెనే కొట్టేయలేడు.

అన్ని చట్టాలు ఉండంగ కూడా ఏమైంది? 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ కాడ చాస్‌నాలా గనిలకు నీళ్ళు దూకి 370 మందికి పైగా పోయిండ్రు. మన దగ్గర 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలకు నీళ్ళు వచ్చి 17 మంది, నాలుగు నెలలకు అదే ఏడు అక్టోబర్ 16న 8-ఏ ఇంక్లైన్ల కప్పు కూలి 10 మంది. 2022 మార్చిల ఆడ్రియాల లాంగ్‌వాల్ గనిల కూలి ముగ్గురు చనిపోయిండ్రు, వాళ్ళల్ల ఒకరు ఏరియా సేఫ్టీ ఆఫీసర్. ఇది ఎందుకు చెప్తున్ననంటే, ఈ కొలువు అంటే క్లిప్‌బోర్డ్ పట్టుకొని ఏసీల తిరుగుడు అని కొందరు అనుకుంటున్నరు. గనిల సేఫ్టీ ఆఫీసర్ కూలీ దిగిన జాగకే దిగుతడు, అదే కప్పు కింద నిలబడుతడు.

చెల్లెళ్ళకు ఒక మాట. గనుల చట్టం ఆడోళ్ళను భూమి లోపలికి పోనియ్యలే చాన కాలం. 2019 జనవరిల కేంద్రం ఆ రూలు సడలించింది. టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనులకు పొద్దున 6 నుంచి రాత్రి 7 దాకా, రాసి ఇచ్చిన ఒప్పుకోలుతో భూగర్భంల పని చేయొచ్చు అని అప్పుడు చెప్పింది. మైనింగ్ ఇంజనీరింగ్ చదువుడు కొత్తగూడెంల ఉంది. మన అడవి నుంచి అది దూరం కాదు.

ఇగ కరెంటు. నిజాంసాగర్ కట్ట కాడ 10 మెగావాట్ల పవర్‌హౌస్, పోచంపాడు కాడ ఇంకోటి, ఇవి మన జిల్లా చుట్టూ ఉన్న సొంత ఉత్పత్తి. కాని మన పోరగాళ్ళ పానాలు పోయేది పవర్‌హౌస్‌ల కాదు, పొలం గట్టు మీద ట్రాన్స్‌ఫార్మర్ కాడ. బోర్లు నడవాలె, ఫ్యూజ్ పోయింది, లైన్‌మన్ ఫోన్ ఎత్తడు. తండాల ఐటీఐ చదివిన పిలగాడు ఒకడుంటడు, "రారా, నీకు తెలుసు గదా" అంటరు. ఏబీ స్విచ్ ఒక బ్లేడు పూర్తిగ తెరుచుకోలేదని కింది నుంచి కనబడది. ఇంకో దిక్కు నుంచి ఎవరి జనరేటరో, ఇన్వర్టరో వెనక్కి కరెంటు తోలుతది. పోల్ ఎక్కినంక తెలుస్తది, తెలిసినంక చెప్పేటందుకు మనిషి ఉండడు.

డిపార్ట్‌మెంటుల దీనికి పద్ధతి ఉన్నది. ఎల్‌సీ అంటరు, లైన్ క్లియర్. సబ్‌స్టేషన్ల ఆపరేటర్ ఫీడర్ బంద్ చేసి, రిజిస్టర్ల రాసి, నంబర్ ఇస్తడు. ఆ నంబర్ తీసుకున్న మనిషే దాన్ని తిరిగి ఇయ్యాలె, అప్పటిదాక ఎవడూ లైన్ ఎక్కియ్యరాదు. తర్వాత టెస్టర్‌తో చూసుడు, పని చేసే జాగకు రెండు దిక్కులా డిశ్చార్జ్ రాడ్‌లతో ఎర్త్ వేసుడు. అప్పుడే పోల్ మీద చెయ్యి. 2010ల కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన నిబంధనలల్ల ఉత్పత్తి, సరఫరా, పంపిణీ సంస్థలు ఎలక్ట్రికల్ సేఫ్టీ ఆఫీసర్‌ను పెట్టాలని రాసిండ్రు. 2023ల ఆ నిబంధనల్ని కొత్తగ తెచ్చిండ్రు. కాగితం మీద పద్ధతి బాగుంది. ఊర్ల మీద ఫోన్‌ల "అన్నా, బంద్ చేసినవా?" "ఆఁ చేసిన" అనే దాన్నే ఎల్‌సీ అనుకుంటున్నం. నంబర్ లేని ఎల్‌సీ ఎల్‌సీ కాదు. ఈ ముక్క మీ తండాల కరెంటు పని చేసే ప్రతి పిలగానికి చెప్పుండ్రి.

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ పవర్‌హౌస్‌ల మంటలు లేసినయి. 150 మెగావాట్లవి ఆరు యూనిట్లున్న ప్లాంటు అది, కొండ లోపల. బ్యాటరీలు మార్చే పని నడుస్తున్న టైంల ప్యానెళ్ళు అంటుకున్నయి. తొమ్మిది మంది చచ్చిపోయిండ్రు. వాళ్ళల్ల యువ ఇంజనీర్లు ఉన్నరు. కాలినందుకు కంటే పొగతోనే పానాలు పోయినయి. కేబుళ్ళ మీది ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగ నల్లగ, విషంగ ఉంటది. సొరంగంల దానికి బయటికి తొవ్వ లేదు, మనిషికి దారి కనబడది. ఆ వార్త వచ్చినప్పటి నుంచి నేను ఎక్కడ పనికి పోయినా మొదటి రోజు ఒక పని చేస్త. కండ్లు మూసుకొని గోడ పట్టుకొని బయటికి నడిచి చూస్త, ఎన్ని అడుగులో లెక్కపెడుత. తోటోళ్ళు నవ్వుతరు. నవ్వనీ.

ఆర్మూర్, భీంగల్, కమ్మర్‌పల్లి దిక్కోళ్ళకు ఇదంతా దుబాయ్, సౌదీ ముచ్చట లేకుండ పూర్తికాదు. మన జిల్లా నుంచి గల్ఫ్ పోయినోళ్ళల్ల చాన మంది రిఫైనరీ షట్‌డౌన్లల్ల పని చేస్తరు. ఫైర్ వాచ్, హోల్ వాచ్ అనే పనులుంటయి. వెల్డింగ్ నడుస్తుంటే నిప్పు రవ్వ కనిపెట్టుకునుడు, ట్యాంక్‌ల మనిషి ఉంటే మూతి కాడ నిలబడి పేరు రాసుకునుడు. అక్కడ ప్రతి పనికీ పర్మిట్ కాగితం అడుగుతరు, మనోళ్ళు విసుక్కుంటరు. ఆ కాగితం వెనుక ఒక రాత్రి ఉన్నది. 1988 జులై 6, స్కాట్లాండ్ పక్క సముద్రంల పైపర్ ఆల్ఫా అనే ఆయిల్ ప్లాట్‌ఫారం. పగలు షిఫ్టోళ్ళు ఒక పంపు సేఫ్టీ వాల్వ్ తీసి మరమ్మతుకు పంపిండ్రు, ఆ జాగల ఉట్టి మూత బిగించిండ్రు. దానికి పర్మిట్ ఉంది, కాని రాత్రి షిఫ్టోళ్ళకు ఆ ముచ్చట చేరలే. రెండో పంపు ఆగిపోతే వీళ్ళు మొదటి పంపు మొదలుపెట్టిండ్రు. 167 మంది పోయిండ్రు. 1990ల లార్డ్ కల్లెన్ నివేదిక 106 సిఫార్సులు రాసింది. పర్మిట్, షిఫ్టు అప్పగింత గురించి ప్రపంచమంతా నడుస్తున్న పద్ధతులకు దాని నుంచే గట్టి ఊపు వచ్చింది. ఈసారి పర్మిట్ కాగితం చేతికిస్తే "ఇదేం లొల్లి" అనకుండ, కింద తేదీ, టైం, ఎవరు ఎవరికి అప్పగించిండ్రు అన్న గడి చూడుండ్రి.

మళ్ళ శక్కర్‌నగర్‌కొస్త. 2002ల నిజాం షుగర్స్‌ల 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్ల లే-ఆఫ్ అని గేట్లు మూసిండ్రు, బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు మూడూ. 2024ల తెరుసుడు గురించి చూడనీకి సర్కారు కమిటీ వేసింది. రైతుల బాకీలు, కార్మికుల జీతాల గురించి మస్తు మంది రాసిండ్రు, అది రాయాల్సిందే. నాకు ఇంకో నష్టం కనబడుతది. అక్కడ బాయిలర్ అటెండెంట్లు, ఫిట్టర్లు, టర్బైన్ ఆపరేటర్లు ఉండేటోళ్ళు, వాళ్ళ చేతి కింద కొత్తోళ్ళు నేర్చుకునేటోళ్ళు. పైన రాసిన అర్హత గుర్తుందా? డిప్లొమాకు ఐదేండ్ల ఫ్యాక్టరీ అనుభవం. ఆ ఐదేండ్లు బోధన్ పిలగాడు ఇంటికాడి నుంచి సైకిల్ మీద పోయి సంపాదించేటోడు. ఇప్పుడు అదే ఐదేండ్ల కోసం పటాన్‌చెరు, జడ్చర్ల పోయి రూము కిరాయి కట్టాలె.

ఆఖరుకు చట్టం మళ్ళ మారింది. 2020ల పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమలుల పెట్టిండ్రు. దాని ప్రకారం 500 మంది కార్మికులున్న ఫ్యాక్టరీ, ప్రమాదకర పనులున్నదైతే 250 మంది, కన్‌స్ట్రక్షన్‌ల 250, గనిల 100 మంది ఉంటే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలె. వెయ్యి నుంచి 500కు దిగుడంటే కొలువులు పెరుగుతయి, అది మనకు మంచిదే. కాని అదే కోడ్ ఫ్యాక్టరీ అన్న మాటకు లెక్క మార్చింది. కరెంటుతో నడిచేదానికి పదిమంది ఉంటే చాలు అన్నది ఇరవైకి పెంచింది. కాంట్రాక్ట్ కూలీల నిబంధనలు ఇరవై మంది నుంచి యాభైకి పోయినయి. చిన్న రైస్ మిల్లు, చిన్న వర్క్‌షాప్, చిన్న కాంట్రాక్టర్ కాడ పనిచేసేది ఎవరు? నేను చెప్పాల్సిన పని లేదు. పెద్ద ప్లాంటుల ఆఫీసర్ కుర్చీ ఒకటి మనకు దొరికి, చిన్న మిల్లుల మన తమ్ముని మీద చూపు తగ్గితే ఆ లెక్క ఎట్ల కూడాలె?

ఇగ అడిగిన తమ్మునికి జవాబు. నిన్ను మూడు నెలల కోర్సు చేసినంత మాత్రాన చట్టం సేఫ్టీ ఆఫీసర్ అనదు. గల్ఫ్‌ల, కన్‌స్ట్రక్షన్‌ల నెబోష్, ఐవోష్ వంటి బ్రిటన్ సర్టిఫికెట్లు అడుగుతరు. అక్కడికే పోయేదుంటే వాటికి విలువ ఉంది, అది కూడా అసలైన సెంటర్ల రాస్తేనే. ఇక్కడ ఫ్యాక్టరీల నిలబడాలంటే ప్రభుత్వ గుర్తింపున్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమానే కావాలె. ముంబైల సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నైల రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ అట్లాంటివి నడుపుతయి. బీటెక్ చేసినోళ్ళకు గేట్ మీద తిరుచ్చి ఎన్‌ఐటీల ఇండస్ట్రియల్ సేఫ్టీ ఎంటెక్ ఉంది. నీది డిప్లొమా కాబట్టి ముందు ఏదన్న ప్లాంటుల మెయింటెనెన్స్‌ల గాని, బాయిలర్ కాడ గాని చేరు. ఆ లోపల బాయిలర్ అటెండెంట్ పరీక్షకు అర్హత చూసుకో. చేరిన రోజు నుంచే అనుభవం సర్టిఫికెట్‌ల సూపర్‌వైజర్ అన్న మాట ఎప్పటి నుంచి వస్తదో అడిగి పెట్టుకో. మస్తు మంది అక్కడనే ఐదేండ్లు పోగొట్టుకున్నరు, పని చేసిండ్రు గాని కాగితం మీద హెల్పర్ అనే ఉంది.

ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకు అరవై వేలు ఇయ్యకముందు ఒకటే అడుగు: ఈ సర్టిఫికెట్‌కు ఏ ప్రభుత్వ బోర్డు గుర్తింపు ఉంది, ఆ ఆర్డర్ కాపీ చూపియ్యమను. ఇస్తే ఫోటో తీసి గ్రూపుల పెట్టు, నేను, ఇంకో ఇద్దరు అన్నలు చూసి చెప్తం. రేపు వస్త, ఎల్లుండి వస్త అంటే పైసలు జేబులనే ఉంచుకో. నీ తండా ఏ దిక్కో రాయలే, గాంధారి దిక్కైతే ఆదివారం నేను ఆడనే ఉంట.